హైదరాబాద్ ఎఫ్‌సీ: లేచిన తీరు, పడిన తీరు

ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఓడిపోతుంటే అభిమానుల కోపం ముందు కోచ్ మీదికి, ఆ తర్వాత గోల్ కొట్టలేకపోయిన ఫార్వర్డ్ మీదికి పోతుంది. వీళ్లిద్దరి వెనక ఉండి, ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వదులుకోవాలో, ఎవరికి ఎన్నేళ్ల ఒప్పందం, ఎంత జీతం ఇవ్వాలో తేల్చే మనిషి మాత్రం తెర మీద కనబడడు. కొన్ని దేశాల్లో అతణ్ని జనరల్ మేనేజర్ అంటారు, కొన్నిచోట్ల స్పోర్టింగ్ డైరెక్టర్ అంటారు, మన క్లబ్బుల్లో ఈ పని చాలాసార్లు యజమానులూ కోచ్ కలిసి చేస్తారు. గోదావరిఖని, రామగుండం పాఠకులకు ఈ ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సింగరేణి ఆర్‌జీ-1 ఏరియా జీఎం స్వయంగా బొగ్గు తవ్వడు, కానీ ఏ గనికి ఎందరు మనుషులు, ఏ యంత్రాలు అన్నది ఆయన ఆఫీసులోనే తేలుతుంది. ఓడే జట్టును నిలబెట్టడం కూడా ముందు ఆఫీసు పని. కుర్రాళ్లను ఎంచుకుని వాళ్లకు సమయం ఇవ్వడం, నెల తిరిగేసరికి జీతం చేతిలో పెట్టడం, ఈ రెండూ కుదిరాకే స్టార్ ఆటగాడి అవసరం వస్తుంది. దీనికి రుజువు కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు, మన రాజధాని జట్టు కథ చాలు.

2019లో పుణె సిటీ క్లబ్ మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే పంపేశారు. తర్వాతి సీజన్‌కు కుదుర్చుకున్న ఆల్బర్ట్ రోకా 2020 ఆగస్టులో బార్సిలోనాకు వెళ్లిపోయాడు. అప్పుడు వచ్చినవాడు స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెస్. ఇలాంటి స్థితిలో చాలా క్లబ్బులు పేరున్న విదేశీయుల కోసం పరుగెత్తుతాయి. హైదరాబాద్ మాత్రం మన దేశపు కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టింది. ఇండియన్ ఆరోస్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రాకు అప్పటికి 19 ఏళ్లు కూడా నిండలేదు. ఎడమవైపు డిఫెన్స్ అతనిది, కుడివైపు సిక్కిం కుర్రాడు ఆశీష్ రాయ్‌ది. ఆ ఏడాది 29 పాయింట్లతో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. సెమీఫైనల్ అందలేదు కాబట్టి దాన్ని విఫలమైన ఏడాదిగా లెక్కవేసినవాళ్లు ఉండవచ్చు. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కనబడాలంటే ముందు పైనున్న ఓబీ మట్టి తీయాలని, ఆ మట్టి తీసే కాలంలో అంతా ఖర్చే తప్ప రాబడి ఉండదని బొగ్గుబాయి ఊళ్లలో అందరికీ తెలుసు. 2020-21 సీజన్ హైదరాబాద్‌కు అలాంటి కాలం.

2021-22లో లీగ్ నిబంధన మారింది. మైదానంలో ఐదుగురు విదేశీయులకు బదులు నలుగురే ఉండాలి, అంటే ప్రతి జట్టూ కనీసం ఏడుగురు భారతీయులతో ఆడాలి. కుర్రాళ్లను ముందే తయారుచేసుకున్న జట్టుకు ఈ మార్పు కలిసొచ్చింది. లిస్టన్ కొలాసో లాంటి ఆటగాణ్ని కోల్‌కతా క్లబ్బుకు వదులుకున్నా జట్టు చెదరలేదు. లీగ్‌లో రెండో స్థానం, ఆపై 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఓటమి ఖాయమనుకున్న వేళ సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో 1-1 అయింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపడంతో 3-1తో కప్పు హైదరాబాద్‌ది అయింది.

కప్పు తెచ్చింది బార్తొలోమ్యూ ఒగ్బెచే కదా, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది అతనే కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, అతను లేకుంటే కప్పు కష్టమే. కానీ అతను వచ్చింది డిఫెన్స్ కుదురుకున్నాకే, ఒక ఏడాది ఓపిక పట్టాకే. అదే ఒగ్బెచే మొదటి ఏడాది జట్టులోకి వచ్చి ఉంటే ఎన్ని గోల్స్ కొట్టినా, వెనక తింటున్న గోల్స్‌ను ఆపగలిగేవాడు కాదు. ఇంకొందరు ఘనత అంతా మనోలోదే అంటారు. ఇది మరింత బలమైన మాట, ఎందుకంటే 2023లో అతను ఎఫ్‌సీ గోవాకు వెళ్లగానే జట్టు కూలింది. అయితే అతని తర్వాత పగ్గాలు పట్టిన థాంగ్‌బోయి సింగ్‌టో బయటి మనిషి కాడు. కప్పు గెలిచిన బృందంలోనే ఉన్నవాడు, మనోలో పద్ధతి తెలిసినవాడు. అయినా 2023-24లో 22 మ్యాచ్‌లకు వచ్చినవి 8 పాయింట్లే, జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. జీతాల బకాయిల వివాదాలతో కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, సీజన్ మధ్యలో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆటగాళ్లే మిగలనప్పుడు ఎంత గొప్ప కోచ్ అయినా ఏం చేస్తాడు? 2024లో యాజమాన్యం జిందాల్ గ్రూపు చేతికి మారింది. మరుసటి సీజన్‌లో జట్టు కింది నుంచి రెండో స్థానంలో నిలిచింది. 2025లో క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మార్చేశారు. అట్టడుగు నుంచి కప్పు దాకా ఎక్కడానికి రెండు సీజన్లు పట్టాయి, మళ్లీ అట్టడుగుకు దిగజారడానికి కూడా రెండే పట్టాయి.

జీతం సంగతి ఇంత నొక్కి చెప్పడానికి ఇంకో కారణం మన చరిత్రలోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన ప్రతిభను ఎవరూ కాదనలేరు. కానీ ఆ ప్రతిభ పండడానికి పోలీసు శాఖ జట్టు ఇచ్చిన స్థిరత్వం కూడా తోడ్పడింది. ఆటగాళ్లు రేపటి భయం లేకుండా ఏళ్ల తరబడి ఒకేచోట కలిసి ఆడారు.

అలాంటి స్థిరత్వం ఇవ్వగల సంస్థ మన ప్రాంతంలోనే ఉంది, అందుకే ఈ చర్చను సింగరేణి దగ్గరికి తేవాలి. బొగ్గు కంపెనీ బొగ్గు తీయాలిగానీ బంతి ఆటతో దానికేం పని అనవచ్చు. కంపెనీ ఆ పని ఇప్పటికే చేస్తోంది. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ద్వారా ఉద్యోగులను ఆడిస్తోంది, కోల్ ఇండియా స్థాయి పోటీలకు పంపుతోంది. నష్టాలొచ్చి ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కి, మళ్లీ లాభాల్లోకి వచ్చిన సంస్థ అది. పడినదాన్ని లేపడానికి ఎన్నేళ్లు పడుతుందో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టు దాకా వెళ్లగలిగినప్పుడు, గోదావరిఖని పిల్లలు ఎందుకు వెళ్లలేరు? సీనియర్ జట్టు పెట్టి కప్పులు గెలవమని అడగడం లేదు. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ, లైసెన్సున్న కోచ్‌ను పెట్టి, ఉన్న మైదానాల్లోనే ఐదేళ్ల పాటు ఆగకుండా నడపండి. మొదటి రెండేళ్లు ఓడిపోయినా కోచ్‌ను మార్చకండి.