తోమా కొండ ఎత్తెంత?

కొండ ఎత్తు ఎంతో చూపుతో చెప్పడం సులువు, కొలిచి చెప్పడం కష్టం. చెన్నై విమానాశ్రయానికి చేరువలో ఉన్న సెయింట్ థామస్ మౌంట్‌నే తీసుకుందాం. తమిళులు దాన్ని పరంగిమలై అంటారు. దాదాపు 300 అడుగుల ఎత్తున్న చిన్న కొండ అది. రాతి మెట్ల మీదుగా నిదానంగా ఎక్కినా ఎంతోసేపు పట్టదు. పైన 1523లో పోర్చుగీసువారు కట్టిన చర్చి ఉంది. యేసు శిష్యుడైన తోమా ఈ కొండ మీదే హతసాక్షి అయ్యాడని ఒక సంప్రదాయం. దానిపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నా, కొండకు పేరు మాత్రం ఆయనదే స్థిరపడింది.

తాకి చూస్తేగానీ నమ్మనన్న శిష్యుని పేరు పెట్టుకున్న ఈ కొండ చెంతనే భారతదేశాన్ని కొలిచే పని మొదలవడం ఒక విశేషం. 1802 ఏప్రిల్ 10న విలియం ల్యాంబ్టన్ ఇక్కడి మైదానంలో తొలి గీత కొలవడం ప్రారంభించాడు. గీత పొడవు ఏడున్నర మైళ్లు. 100 అడుగుల ఉక్కు గొలుసును 400 సార్లు పరిచి కొలవడానికి 57 రోజులు పట్టింది. వేడికి ఉక్కు సాగుతుంది గనుక గొలుసును చెక్క పెట్టెల్లో ఉంచారు, నీడ కల్పించారు, పక్కనే ఉష్ణమాపకాలు పెట్టి చూశారు. వెంట్రుకవాసి తేడాకు అంత ఆరాటమా అని ఆనాడు నవ్వినవారూ ఉండవచ్చు. కానీ ఆ గీత మీద త్రిభుజం, దాని మీద మరో త్రిభుజం అల్లుకుంటూ ల్యాంబ్టన్ తర్వాతివారు హిమాలయాల దాకా వెళ్లారు. ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. 2020 డిసెంబరు 8న నేపాల్, చైనా ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే దాదాపు 29,032 అడుగులు. వంద మైళ్లకు పైగా దూరం నుంచి చూసి లెక్కగట్టిన ఎత్తులో తేడా 30 అడుగులే!

ఇప్పుడు మనమే ఈ కొండ ఎక్కి ఎత్తు కొలుద్దామనుకుందాం. గాలి పీడనాన్ని చూపే పరికరం చేత పట్టుకుంటే, సుమారు 8 మీటర్లు ఎక్కినప్పుడల్లా ఒక మిల్లీబారు తగ్గుతుంది. అయితే మనం ఎక్కేలోగా వాతావరణం మారిపోతే లెక్క తప్పుతుంది. అందుకే దిగాక మొదలుపెట్టిన చోటే మళ్లీ చూసుకోవాలి. పోనీ ఉపగ్రహాన్ని అడిగితే? భూమి నునుపైన గుండ్రటి ఆకారమన్న లెక్కతో అది ఎత్తు చెబుతుంది. చెన్నై తీరంలో సముద్రమట్టం ఆ లెక్కకు 80 మీటర్లకు పైగా దిగువన ఉంది. సరిదిద్దకుండా ఆ అంకెనే నమ్మితే, చెమటోడ్చి ఎక్కిన కొండ ఎత్తు దాదాపు సున్నా అని తేలుతుంది! ఎక్కడి నుంచి కొలుస్తున్నామన్నదే అసలు ప్రశ్న. సముద్రం నుంచి అంటారా, అది కూడా ఆటుపోట్లతో నిలకడగా ఉండదు. అందుకే మద్రాసు, విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి నీటిమట్టం గమనించి, ఆ సగటుల ఆధారంగా 1909లో దేశానికి ఒక సున్నాను స్థిరపరిచారు. రైల్వేస్టేషన్ పసుపు బోర్డు మీద మనం చదివే ఒక్క అంకె వెనుక అంత ఓపిక ఉంది.

తోమాను మనం 'అవిశ్వాసి' అని తేలిగ్గా ఒక్క మాటలో తేల్చేస్తాం. యోహాను సువార్త 20వ అధ్యాయం జాగ్రత్తగా చదివితే మరో తోమా కనిపిస్తాడు. సందేహం ఉన్నా ఆయన తోటి శిష్యులను వదిలి పోలేదు. ఎనిమిది రోజుల తర్వాత వారితోనే ఉన్నాడు. ప్రభువు ఆయనను గెంటివేయలేదు, గాయపడిన చేతులు చాపాడు. చూడక నమ్మినవారి ధన్యత గురించి ప్రభువు చెప్పిన మాట నిజమే. కానీ చూడగోరినవానికి చూపించిన తర్వాతే ఆ మాట చెప్పాడు. ప్రశ్నతో మొదలైన తోమా, యేసును ప్రభువుగా, దేవుడుగా ఒప్పుకోవడంతో ముగించాడు.

మన సంఘాల్లో ఏం జరుగుతోంది? బైబిలు తరగతిలో ఒక యువకుడు నిజాయితీగా ప్రశ్న అడిగితే, "నీకు విశ్వాసం లేదా?" అని నోరు మూయిస్తున్నాం. వాడు మళ్లీ అడగడు. కొన్నాళ్లకు రావడమే మానేస్తాడు. వెళ్లగొట్టింది వాని ప్రశ్న కాదు, మన తొందర. గొలుసు సాగిందేమోనని అనుమానించినవాడు కొలతకు శత్రువు కాడు, దాన్ని కాపాడినవాడు. అలాగే సత్యం కోసం అడిగేవాడు సంఘానికి శత్రువు కాడు. అయితే అడిగేవారికీ ఒక బాధ్యత ఉంది. స్థిరమైన సున్నా లేని కొలతలాగే, సత్యాన్ని వెదకని ప్రశ్న ఎక్కడికీ చేర్చదు. తోమాలాగా జవాబు దొరికేదాకా సహవాసంలో నిలిచి ఉండాలి.

చిన్న కొండ దగ్గర ఓపికగా కొలిచిన గీతే మహాశిఖరం ఎత్తు చెప్పగలిగింది. ఒక చిన్న ప్రశ్నకు ఓపికగా చెప్పిన జవాబు ఒక ఆత్మను నిలబెట్టగలదు. ఈ ఆదివారం మన పక్కన కూర్చున్న తోమాకు ఎనిమిది రోజుల గడువైనా ఇద్దామా?