మిలటరీలో రిటైరైన డీజిల్ జీపు మన కొండల్లో రోజూ ఎలా తిరుగుతోంది?



మన ఏజెన్సీలో జీపు ఎక్కనివాళ్లు లేరు. దసరా సెలవులకి ఎక్కుతాం, సంక్రాంతికి ఎక్కుతాం, తిరిగి హాస్టలుకి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టె మీద కూర్చుని మరీ వస్తాం. కాని ఆ జీపుల్లో కొన్ని మనకంటే వయసులో పెద్దవి. మన దగ్గరకి రాకముందు అవి మిలటరీలో పనిచేశాయి. మా ఊరి జీపు అలాంటిదే. ఓనరు కింద మైదానంలో ఉంటాడు, నడిపేది మా మావయ్య. ఈసారి గోడపత్రికకి "మీ ఊళ్లో ఉన్న ఒక యంత్రం గురించి రాయండి" అని సైన్సు మాస్టారు చెప్పారు. రైస్ మిల్లు గురించి ఇద్దరు ముందే చెప్పేసుకున్నారు. అందుకని నేను జీపు తీసుకున్నాను.

మిలటరీ జీపుని గుర్తుపట్టడం ఎలాగో ముందు చెప్తాను. పైన ఏ రంగు ఉన్నా సరే, తలుపు అంచు దగ్గరో బానెట్ లోపలో పెచ్చు ఊడినచోట చూడండి. అడుగున ముదురు ఆకుపచ్చ కనిపిస్తుంది. దాన్ని ఆలివ్ గ్రీన్ అంటారు. రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరి బండికీ ఆ రంగు వెయ్యకూడదని 1989 నాటి మోటారు వాహనాల నియమాల్లో ఉంది. అందుకే కొన్నవాళ్లు ముందుగా రంగు మార్చాలి. మా జీపు ఇప్పుడు నీలం, కాని గీత పడినచోటల్లా ఆకుపచ్చగానే ఉంటుంది. మిలటరీలో ఉన్నప్పుడు నంబరు కూడా వేరే. పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన ఆ బండి ఏ సంవత్సరానిదో చెప్పే రెండు అంకెలు ఉంటాయి.

ఇంకో గుర్తు నాకు చాలా ఇష్టం. వెనక చక్రాల మధ్య ఇనుప గుండులాంటిది ఉంటుంది కదా, దాని పేరు డిఫరెన్షియల్. మిలటరీ వాళ్లు దానికి తెల్ల రంగు వేసి, పైన ఒక చిన్న బల్బు పెడతారు. యుద్ధం సమయంలో రాత్రిపూట హెడ్‌లైట్లు వెయ్యకూడదు, వేస్తే శత్రువుకి తెలిసిపోతుంది. అప్పుడు వెనక వచ్చే బండి డ్రైవరు ముందు బండి కింద కనిపించే ఆ తెల్ల గుండుని చూసుకుంటూ నడుపుతాడు. మా జీపుకి బల్బు లేదు, తెలుపు మాత్రం మట్టి కింద ఇంకా ఉంది.

సరే, మిలటరీ బండి మన ఊరికి ఎలా వచ్చింది? కొన్నేళ్లు వాడాక, మరమ్మతు ఖర్చు ఎక్కువైన బండ్లని సైన్యం వేలం వేస్తుంది. దీన్నే జనం డిస్పోజల్ అంటారు. పూర్వం డిపో దగ్గరకి వెళ్లి పాట పాడేవారు. ఇప్పుడు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కంప్యూటరులో వేలం పెడుతుంది. కొన్నాక మిలటరీ నంబరు చెల్లదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 60వ సెక్షను ప్రకారం, రక్షణ పనిలోంచి బయటికొచ్చిన బండిని అందరి బండ్లలాగే కొత్తగా రిజిస్టరు చేయించాలి. ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ కాగితాల్లో ఉన్నట్టే బండి మీద కూడా ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా తిరగడమే తిరగడం.

జీపు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. అమెరికా వాళ్ల విల్లీస్ జీపుని 1947 నుంచి మన దేశంలో మహీంద్రా కంపెనీ బిగించడం మొదలుపెట్టింది. మొదట్లో అన్నీ పెట్రోలు. తర్వాత ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని డీజిల్ ఇంజను చేశారు. నాలుగు సిలిండర్లు, 2112 సీసీ. మా జీపుది అదే ఇంజను. మిలటరీలో జోంగా అని ఇంకో బండి ఉండేది. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 వరకు తయారైంది. ఆ ఫ్యాక్టరీ పేరులోని ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితేనే జోంగా అయ్యింది. అది పెట్రోలు బాగా తాగుతుంది కాబట్టి వేలంలో కొన్నవాళ్లు చాలామంది ఆ ఇంజను పీకేసి డీజిల్‌ది ఎక్కించుకున్నారు.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. మరి మంట ఎలా అంటుకుంటుంది? సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఈ ఇంజన్‌లో పిస్టను గాలిని దాని మామూలు జాగాలో ఇరవయ్యో వంతు కంటే చిన్న జాగాలోకి నొక్కేస్తుంది. అప్పుడు వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిల్ సన్నటి తుంపరగా లోపలికి చిమ్ముతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు 1897లో ఇలాంటి ఇంజనుని బాగా పనిచేయించి చూపించాడు. మనం పోసే నూనెకి కూడా ఆయన పేరే ఉండిపోయింది.

కాని మన దగ్గర ఇక్కడే ఒక చిక్కు. చలికాలం మన కొండల మీద ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. లంబసింగిలో అయితే కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా డిగ్రీల దగ్గరకి వెళ్లిపోతుంది. ఇంజను ఇనుమంతా చల్లగా ఉంటే నొక్కిన గాలిలోని వేడిని ఆ ఇనుమే లాగేసుకుంటుంది. అందుకని ప్రతి సిలిండరుకీ ఒక హీటర్ ప్లగ్ ఉంటుంది. తాళం తిప్పి, కాసేపు హీటరు పెట్టి, అది ఎర్రగా కాలాకే స్టార్టు కొట్టాలి. తొందరపడి కొడితే బ్యాటరీ దిగిపోద్ది, బండి మాత్రం లేవదు. మా మావయ్య రాత్రి జీపుని ఎప్పుడూ పల్లం వైపు ముఖం పెట్టి ఆపి, చక్రాల కింద రాళ్లు పెడతాడు. బ్యాటరీ మొరాయిస్తే పొద్దున్న రాళ్లు తీసేసి, దొర్లించి, సెకండ్ గేరులో క్లచ్చి వదులుతాడు. ఊళ్లో పిల్లలందరికీ అదే అలారం.

డీజిల్ పూర్తిగా అయిపోనివ్వకూడదు. అయిపోతే పైపుల్లోకి గాలి దూరుతుంది. మళ్లీ డీజిల్ పోసినా స్టార్టు అవదు. నట్టు కొంచెం వదులు చేసి, చేతి పంపు కొట్టి, నురగ పోయి శుభ్రంగా డీజిల్ వచ్చేదాకా గాలి తియ్యాలి.

ఇలాంటి బండ్లని ఇంటికి తెచ్చుకుని రోజూ తిప్పడం అమెరికాలో కూడా ఉంది. 1980ల నడుమ అక్కడి సైన్యం షెవర్లె కంపెనీ డీజిల్ పికప్‌లు కొన్నది. ఎం1008 దాని పేరు. ఇంజను 6.2 లీటర్లు, అంటే మా జీపు ఇంజనుకి దాదాపు మూడు రెట్లు. అందులో రెండు 12 వోల్టుల బ్యాటరీలని ఒకదాని వెనక ఒకటి కలిపి 24 వోల్టులు చేశారు. స్టార్టరుకి 24, లైట్లకి 12. సైన్యం తీసేశాక కొన్నవాళ్లకి ఈ రెండు రకాల వైరింగే పెద్ద తలనొప్పి. పైగా బరువు లాగడానికి గేర్లు అమర్చారు కాబట్టి గంటకి 90 కిలోమీటర్లు దాటిందంటే ఇంజను గోలపెడుతుంది. వాళ్ల పెద్ద రోడ్ల మీద అది తక్కువే. మన రోడ్డు మీద ఎవరికి కావాలి 90?

మన రోడ్డుకి కావలసింది ఇంకోటి. జీపులో గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్లు ఉంటాయి, చూసే ఉంటారు. ఒకటి ముందు చక్రాలకి కూడా ఇంజను బలం ఇవ్వడానికి. ఇంకోటి 'లో'లో వెయ్యడానికి. పాత జీపుల్లో 'లో' వేస్తే వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది, లాగే బలం రెండున్నర రెట్లు పెరుగుతుంది. వర్షాకాలంలో మా ఊరి గెడ్డ దాటాక ఎర్రమట్టి ఎగువ వస్తుంది. అక్కడ ఆటో వెనక్కి జారిపోతుంది. జీపు మాత్రం ముసలమ్మ మెట్లు ఎక్కినట్టు నెమ్మదిగా ఎక్కుద్ది. అయితే తారు రోడ్డు మీదకి రాగానే ముందు చక్రాల రాడ్డు తీసెయ్యాలి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే కొంచెం జారి సర్దుకుంటాయి. తారు మీద జారలేవు, అప్పుడు లోపలి పళ్లూ షాఫ్టూ మెలిపడిపోతాయి.

దీని స్ప్రింగుల గురించి కూడా చెప్పాలి. ఇవి పట్టీ స్ప్రింగులు, బరువు మొయ్యడానికి చేసినవి. ఖాళీగా ఉంటే బండి గెంతుతుంది. మా అక్కకి నొప్పులు వచ్చిన రోజు 108 బండి తారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది, అక్కడినుంచి పైకి రాలేదు. పూర్వమైతే డోలీ కట్టి మోసుకెళ్లేవారు. ఆ రోజు మావయ్య ఏం చేశాడంటే, జీపులో రెండు వలిసెల బస్తాలు వేసి, వాటి మీద గడ్డి, గడ్డి మీద దుప్పట్లు పరిచాడు. టైర్లలో గాలి కొంచెం తీసేశాడు. బస్తాల బరువుకి స్ప్రింగులు కిందికి అణిగి కుదుపు తగ్గింది. 'లో'లో మొదటి గేరు వేసి మనిషి నడక కంటే నెమ్మదిగా దించాడు. అమ్మ పక్కనే నడిచి వచ్చింది, జీపు ఆమెని దాటలేదు. పాప రోడ్డు మీద కాదు, ఆసుపత్రిలోనే పుట్టింది. ఇప్పుడు దానికి రెండేళ్లు.

ఇంత మంచి బండే మనల్ని చంపెయ్యగలదు కూడా. ఎలాగో లెక్క వేసి చూపిస్తాను.

మిలటరీలో చిన్న జీపుని పావు టన్ను బండి అంటారు. అంటే దారిలేని చోట అది 250 కిలోల దాకా మోస్తుందని. సంత రోజు మా జీపులో 15 మంది ఎక్కుతారు. ఒక్కొక్కరు 45 కిలోలు అనుకుంటే 675 కిలోలు. పైన పసుపు బస్తాలు నాలుగు, ఒక్కోటి 50 కిలోలు, మొత్తం 200. రెండూ కలిపితే 875. పావు టన్నుకి మూడున్నర రెట్లు!

ఇప్పుడు ఘాట్ దిగుతున్నాం అనుకోండి. బండీ మనుషులూ కలిపి 2,000 కిలోలు, దిగే ఎత్తు 600 మీటర్లు. మన పాఠంలో స్థితిజ శక్తి సూత్రం ఉంది కదా. 2,000 ని 10 తో, మళ్లీ 600 తో గుణిస్తే 1 కోటి 20 లక్షల జౌళ్లు. ఈ శక్తి ఎక్కడికీ పోదు, వేడిగా మారాలి. అది 35 లీటర్ల చల్లటి నీళ్లని మరిగించేంత వేడి. డ్రైవరు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే దాదాపు అంతా బ్రేకు డ్రమ్ముల్లోకే వెళ్తుంది. లైనింగు కాలి వాసన వస్తుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది. బ్రేకు నూనె మరిగితే దాంట్లో బుడగలు వస్తాయి. అప్పుడు పెడలు నేల దాకా వెళ్లిపోద్ది, బండి ఆగదు. అందుకే మావయ్య అంటాడు, "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాల. ఇంజనే పట్టుకుంటాది. బ్రేకు ఆపడానికే గాని, దిగడానికి కాదు." డీజిల్ ఆదా అవుద్దని గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఉన్నారు. అలాంటి బండి ఎక్కితే గట్టిగా అడిగి గేరు వేయించండి, లేకపోతే దిగిపోండి. సిగ్గుపడకండి.

పాత బండిని రోజూ తిప్పాలంటే రోజూ చూసుకోవాలి. మావయ్య పొద్దున్నే ఇంజను ఆయిలు పుల్ల తీసి చూస్తాడు, రేడియేటరులో నీళ్లు, బ్రేకు నూనె, చక్రాల నట్లు చూస్తాడు. నాకు పొగ చూడటం నేర్పాడు. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ, ఎయిర్ ఫిల్టరు దుమ్ము పట్టిందేమో చూడాలి. తెల్ల పొగ అయితే డీజిల్ కాలకుండానే పోతోంది, చలికి మొదట్లో కొంచెం మామూలే. నీలం పొగ అయితే ఇంజను ఆయిలే కాలిపోతోంది, ఖర్చు దగ్గరపడినట్టు. ఏ రంగైనా ఆ పొగ మంచిది కాదు. డీజిల్ పొగ వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. వెనక కూర్చున్నవాళ్లకి వాంతులు కొంత మలుపుల వల్లే, కొంత ఈ పొగ వల్ల కూడా. చిన్నపిల్లల్ని ముందు వైపు కూర్చోబెట్టండి.

వార్డెన్ మేడమ్‌గారు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక విన్నపం రాస్తున్నాను. పోయిన సెలవులకి మా వైపు అమ్మాయిలం 17 మందిమి, ట్రంకు పెట్టెలతో సహా, ఒకే జీపులో వెళ్లాం. ఎంతమంది కూర్చోవచ్చో ప్రతి బండి ఆర్సీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఈ సంక్రాంతికి తల్లిదండ్రులకి ముందే కబురుచేసి మమ్మల్ని రెండు మూడు ట్రిప్పులుగా పంపిస్తే బాగుంటుంది. డీజిల్ డబ్బులు కొంచెం ఎక్కువ అవుతాయి. ఎంతవుతుందో మావయ్యని అడిగి లెక్క తెస్తాను.

మా ఊరికి తారు రోడ్డు పని మొదలైంది. రోడ్డు పడితే ఆటోలు వస్తాయి, అప్పుడు జీపు అమ్మేస్తానని ఓనరు అంటున్నాడు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి, ఆ ఖర్చు ఎందుకని ఆయన లెక్క. మావయ్య మాత్రం మా పైన ఇంకో రెండు ఊళ్లున్నాయి, వాటికి రోడ్డు లేదు, అక్కడికి తిప్పుతాను ఉంచమంటున్నాడు. ఇంకా తేలలేదు.

— 9వ తరగతి, బి సెక్షను
(పక్కన జీపు బొమ్మ కూడా నేనే వేశాను. తెల్ల గుండు ఎక్కడుందో వెతకండి.)