టెలిగ్రామ్‌లో చెబితే ఏఐ కోడ్ రాస్తుంది, కానీ ఎవరు చెబితే?

పుదుచ్చేరిలోని కోసపాళయంలో టీ తాగుతున్న ఓ ప్రోగ్రామర్‌ను ఊహించుకోండి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఏఐ కోడింగ్ అసిస్టెంట్ పనిలో ఉంది. ‘టెస్టులు పాసయ్యాయా?’ అని టెలిగ్రామ్‌లో అడిగితే జవాబు ఫోన్‌కే రావాలి.

దీనికి మధ్యలో ఒక ప్లగిన్ కావాలి. టెలిగ్రామ్‌లోని ‘బాట్‌ఫాదర్’ కొత్త బాట్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. ప్లగిన్ దానితో టెలిగ్రామ్ సర్వర్‌ను ‘కొత్త మెసేజ్‌లున్నాయా’ అని అడుగుతూ ఉంటుంది. అడిగేది ల్యాప్‌టాపే కాబట్టి ఇంటి రౌటర్‌లో పోర్టు తెరవక్కర్లేదు. ప్లగిన్‌ను అసిస్టెంట్‌తో కలపడానికి ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసిన ఎంసీపీ ప్రోటోకాల్ వాడొచ్చు. జవాబు 4096 అక్షరాలు దాటితే ముక్కలుగా పంపాలి. ఇదంతా తేలికే.

అసలు చిక్కు వేరే ఉంది. బాట్ పేరు తెలిస్తే ఎవరైనా దానికి మెసేజ్ పెట్టొచ్చు. అవతల ఉన్నదేమో ఫైళ్లు మార్చగల, కమాండ్లు నడపగల ప్రోగ్రామ్. అందుకే అనుమతించిన వారి జాబితా ఉండాలి. అందులో యూజర్‌నేమ్ కాదు, మారని యూజర్ ఐడీ నంబర్ పెట్టాలి. గ్రూపుల్లో పొరపాటు ఇక్కడే జరుగుతుంది: గ్రూపు ఐడీని సరిచూసి వదిలేస్తే అందులోని ప్రతి ఒక్కరూ మీ ల్యాప్‌టాప్‌కు యజమానులే. చూడాల్సింది పంపినవారి ఐడీ.

‘నన్నూ జాబితాలో చేర్చు’ అని చాట్‌లోనే ఎవరైనా అడిగితే? అసిస్టెంట్ నమ్మేయొచ్చు. కాబట్టి ఆ జాబితాను మార్చే వీలు దానికి ఇవ్వకూడదు. టెర్మినల్ ముందు కూర్చుని మనమే మార్చాలి. యజమాని ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లోనూ ఇతరుల ఆదేశాలు దాగి ఉండొచ్చు. ఫైళ్లు తొలగించే ముందు అనుమతి అడిగే సెట్టింగ్‌ను విసుగొచ్చినా ఆపేయొద్దు.

టోకెన్ పొరపాటున గిట్‌హబ్‌కు చేరితే ఆ లైను చెరిపేస్తే సరిపోదు, పాత కమిట్లలో ఉండిపోతుంది. బాట్‌ఫాదర్ దగ్గర దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.