పెట్టెలోని పాత ఉత్తరాలు... నీళ్లలో వేయకండి!

హనుమకొండలో పాత ఇల్లు అమ్మేశాక మా అత్తమ్మ మియాపూర్‌లోని మా ఫ్లాటుకు వచ్చేస్తూ ఒక రేకు పెట్టె వెంట తెచ్చుకుంది. ఫ్లాట్లలో అటకలెక్కడివి? మంచం కిందికి తోశాం. ఈ వేసవి సెలవుల్లో ఇల్లు సర్దుతూ తీసి చూస్తే, చీర ముక్కలో చుట్టిన పదకొండు ఉత్తరాలు! అత్తమ్మ వాళ్లమ్మ కొత్తగా పెళ్లయి హైదరాబాదు వచ్చిన రోజుల్లో, వరంగల్లులో ఉన్న తన తల్లికి రాసినవి.

మా అబ్బాయికి స్టాంపుల పిచ్చి. కవరుమీద చార్మినార్ బొమ్మ కనబడితే ఆగుతాడా? నేను వంటింట్లో ఉండగా రెండు కవర్లు, లోపలి ఉత్తరాలతో సహా, గిన్నెడు నీళ్లలో నానబెట్టేశాడు. స్టాంపులు ఊడి వచ్చాయి. సిరా మాత్రం అలుక్కుపోయింది, తపాలా ముద్ర ఆనవాలు లేకుండా పోయింది. వాణ్ని తిట్టబోయి ఆగాను. ఆ సంగతులు నాకు మాత్రం తెలుసా? అప్పటినుంచి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

నిజాం రాజ్యానికి 1869 నుంచే సొంత స్టాంపులున్నాయి. 1871లో వచ్చిన వాటిమీద వెలను ఇంగ్లీషు, పార్సీ, తెలుగు, మరాఠీల్లో వేశారు. 1931లో బొమ్మల స్టాంపులు వచ్చాయి. అణా స్టాంపుమీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం. 1937 రజతోత్సవానికి ఉస్మానియా ఆసుపత్రి, విశ్వవిద్యాలయం బొమ్మలు వేశారు. ఆ తర్వాత వచ్చిన మూడణాల స్టాంపు మీద మన ఓరుగల్లు కాకతీయ తోరణం, ఆరణాల మీద గోల్కొండ కోట! స్టాంపుమీద ఉర్దూలో అడ్డంగా ‘సర్కారీ’ అని అచ్చు పడి ఉంటే అది కచేరీ ఉత్తరాలకు వాడింది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, హైదరాబాదు భారతదేశంలో కలిసింది. నిజాం స్టాంపులు మాత్రం 1950 ఏప్రిల్ వరకూ చెల్లాయి. అంటే ఏడాదిన్నర పాటు ప్రభుత్వం మారినా అదే చార్మినార్ స్టాంపు! కనుక స్టాంపు చూసి ఆ ఉత్తరం పోలీసు చర్యకు ముందుదో తర్వాతదో చెప్పలేం. చెప్పేది తపాలా ముద్రలోని తేదీ, ఊరి పేరు. అందుకే సేకరించేవాళ్లు విడి స్టాంపుకన్నా, ముద్ర స్పష్టంగా ఉన్న నిండు కవరుకే ఎక్కువ విలువ కడతారు. అణా చార్మినార్ విడిగా విరివిగా దొరుకుతుంది, దానికి పెద్ద ధర రాదు. ఆ రోజుల నాటి కవరుమీద ఉంటే మాట వేరు.

అధికారం చేతులు మారే కాలంలో ఎక్కడైనా ఇంతేనట. చైనాలో 1949 తర్వాత కూడా ఈశాన్య ప్రాంతంలో వేరే డబ్బు, దాంతో వేరే స్టాంపులు చెల్లాయి. కొత్త ప్రభుత్వం వేసిన తొలి స్టాంపుల్లో కొన్నింటిని తర్వాత మళ్లీ అచ్చువేశారు. మొదటి అచ్చుకూ రెండో అచ్చుకూ బొమ్మలో వెంట్రుకవాసి తేడా, ధరలో మాత్రం బోలెడు తేడా. కాబట్టి భూతద్దం లేకుండా బేరం మాట్లాడకూడదు!

పాత సామాన్లు కొనే ఒకాయన మా కవర్లు చూసి “ఉత్తరాలు మీరే ఉంచుకోండమ్మా, స్టాంపులు కత్తిరించి ఇవ్వండి” అన్నాడు. అప్పటికి నాకు కాస్త తెలివి వచ్చింది కాబట్టి ఇవ్వలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే ఇవి గుర్తుంచుకోండి:

* స్టాంపును ఊడదీయకండి, కత్తిరించకండి. కవరునూ, లోపలి ఉత్తరాన్నీ విడదీయకండి.
* ముద్రమీది ఊరు, తేదీ వేరే పుస్తకంలో రాసుకోండి. ఉత్తరంలో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1358 అంటే ఇంచుమించు 1948.
* అంచు చిల్లులు తెగాయా, కాగితం పలచబడిందా చూడండి. వెలుతురుకు ఎత్తి పడితే కాగితంలోని నీటిముద్ర కనబడవచ్చు.
* జిగురు టేపు అంటించకండి. ప్లాస్టిక్ సంచిలో బిగించకండి.
* అమ్మాలనుకుంటే ఒక్కరి మాటే నమ్మకండి. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులోని ఫిలాటెలిక్ బ్యూరో దగ్గర సేకరణ అలవాటున్నవాళ్లు తటస్థపడతారు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే నాంపల్లిలో దిగవచ్చు.

నానిన ఉత్తరాల్లో ఒకదాంట్లో ఒక్క వాక్యం మిగిలింది. ‘ఆయన ఇంకా ఇంటికి రాలేదు, నువ్వు రంది పడకు.’ తాతయ్య తర్వాత క్షేమంగానే వచ్చారు. కానీ అది ఏ నెల, ఏ రోజు? గొడవల ముందా, తర్వాతా? లోపల తేదీ లేదు. ఉన్న ఒక్క ముద్రా నీళ్లలో కలిసింది.

అత్తమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. “స్టాంపులు పోతే పోనీ బిడ్డా. గనీ అమ్మ ఆ మాట ఏనాడు రాసిందో ఇగ ఎట్ల తెలుస్తది?” అంది.

మిగిలిన తొమ్మిది కవర్లనూ అబ్బాయి చేతే భూతద్దంతో చూపించి, తేదీలన్నీ నోటుపుస్తకంలో రాయించాను. ఇప్పుడు రోజూ సాయంత్రం వాడు ఒక ఉత్తరం చదువుతాడు, నానమ్మ వింటుంది.