మూడు ఫేజుల లెక్కలో 1.732 ఎక్కడిది?

పొలంలో నడుస్తున్న 5 హార్స్‌పవర్ మోటారు తీగకు క్లాంప్ మీటరు తగిలిస్తే 7.5 ఆంపియర్లు, రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు కనిపించినప్పుడు, ఫేజులు మూడు కనుక ఆ రెండింటి లబ్ధాన్ని మూడుతో హెచ్చవేసి మోటారు 9,300 వాట్లు లాగుతోందని తేల్చేవారు నేటికీ ఎందరో ఉన్నారు. 5 హార్స్‌పవర్ మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేది 3,730 వాట్లే కాబట్టి, ఈ లెక్కే నిజమైతే మిగిలినదంతా వేడిగా మారి వైండింగు గంటలోపే మాడిపోవాలి.

415 ఏ ఒక్క ఫేజుకూ చెందిన వోల్టేజి కాదు. ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండేది సుమారు 240 వోల్టులే. మూడు ఫేజులూ ఒకేసారి గరిష్ఠాన్ని చేరక 120 డిగ్రీల ఎడంతో వరుసగా చేరతాయి కాబట్టి, రెండు ఫేజుల మధ్య వోల్టేజి తెలియాలంటే కాగితంపై ఒక బిందువు నుంచి 120 డిగ్రీల కోణంతో 240 పొడవున రెండు గీతలు గీసి, వాటి కొనలను కలిపే మూడో గీతను కొలవాలి. బిందువు నుంచి ఆ గీత మీదికి లంబం దించితే అది రెండు సమాన భాగాలవుతుంది. ఒక్కో భాగం 240కి సైన్ 60 రెట్లు, అంటే 0.866 రెట్లు, కనుక రెండూ కలిసి 1.732 రెట్లు, దాదాపు 415. ఈ 1.732 మూడుకు వర్గమూలం. అందువల్ల 240ని మూడుతో హెచ్చవేసినా, 415ను 1.732తో హెచ్చవేసినా వచ్చేది ఒక్కటే. డెల్టాగా కలిపిన వైండింగులో ఈ 1.732 వోల్టేజి వైపు కాక కరెంటు వైపు చేరుతుంది కాబట్టి సూత్రం మారదు.

దాన్ని 7.5 ఆంపియర్లతో హెచ్చవేస్తే వచ్చే 5,390 వోల్ట్-ఆంపియర్లను ఇంకా వాట్లు అనకూడదు. అయస్కాంత క్షేత్రం కోసం మోటారు కొంత శక్తిని తీసుకొని, సెకనుకు 100 సార్లు, తిరిగి లైనులోకే పంపుతుంది. ఇది చేబదులు వంటిది: తెచ్చిన సొమ్ము తెచ్చినట్టే తిరిగి ఇచ్చేస్తే ఖర్చు కనిపించదు గాని దారి పొడవునా రాకపోకలు తప్పవు, స్టార్టరు పక్కన బిగించే కెపాసిటర్ ఆ చేబదులును ఇంటి పెట్టెలోనే దొరికేలా చేసి తీగకు ఆ రాకపోకలను తగ్గిస్తుంది. వాట్లను మాత్రమే లెక్కించే ఇంటి మీటరుకు ఈ చేబదులుతో పనే లేదు కాబట్టి, ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే డబ్బాలను నమ్మడం తాయెత్తును నమ్మడంతో సమానం. ఫేజు వోల్టేజికి ఫేజు కరెంటు ఎంత కోణం వెనకబడిందో దాని కొసైన్ విలువే పవర్ ఫ్యాక్టర్, అది 0.82 అయితే మోటారు తీసుకునే నిజ సామర్థ్యం 4,420 వాట్లు. ఈ కోణాన్ని 415 వోల్టుల నుంచి కొలిస్తే 30 డిగ్రీల తేడా వచ్చి ఫలితం తప్పుతుంది.

మూడు ఫేజుల భారం సమానంగా లేనప్పుడు ఈ సూత్రం చెల్లదు. న్యూట్రల్ లేని మూడు తీగల సరఫరాలో అప్పుడూ రెండు వాట్‌మీటర్లు చాలునని 1893లో ఫ్రెంచి ఇంజనీరు ఆంద్రే బ్లాండెల్ నిరూపించిన సిద్ధాంతం చెబుతుంది. ఆ రెండు రీడింగుల మొత్తమే అసలు సామర్థ్యం. సమాన భారంపై పవర్ ఫ్యాక్టర్ 0.5 కన్నా తగ్గితే ఒక మీటరు ముల్లు వెనక్కి తిరుగుతుంది కాబట్టి, దాని తీగలను తారుమారు చేసి చదివిన విలువను రెండో దానిలోంచి తీసివేయాలి.