పేరు పేరున లెక్కకు వచ్చిన నక్షత్రాలు

దేవుడు అబ్రాహామును గుడారము వెలుపలికి తీసుకువచ్చి, చేతనైతే నక్షత్రాలను లెక్కపెట్టి చూడమన్న సంగతి ఆదికాండము 15వ అధ్యాయంలో చదువుతాం. అది మనిషి వల్ల అయ్యే పని కాదని ఆ మాటలోనే తెలుస్తుంది. ఆ లెక్క దేవునికి తెలుసనీ, ఒక్కొక్క దానికి ఆయన పేరు పెట్టాడనీ 147వ కీర్తన చెబుతుంది. అయినా మనిషి తన శక్తి కొలదీ లెక్కపెట్టడం మానలేదు. వేడి నక్షత్రాల్లో ఒక ప్రత్యేకమైన జాతిని ఏరి, పట్టికలో రాసిపెట్టినవారి కథ ఇది. ఈ కథలో మన గుంటూరు, మన బందరు, మన హైదరాబాదు ఉన్నాయి. ఒక ఇంటి పనిమనిషి కూడా ఉంది.

వంటింట్లో ఒక పాఠం

గ్యాసు పొయ్యి మీద పప్పు పొంగి, ఉప్పునీళ్లు మంట మీద పడితే ఏమవుతుంది? నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారుతుంది. ఇది ఇల్లాండ్రందరూ చూసిందే. ఉప్పులో ఉన్న సోడియం అనే మూలకం వేడెక్కి ఇచ్చే వెలుగు అది. ఆ వెలుగును గాజు పట్టకం గుండా చూస్తే, పసుపు రంగు ఉండే చోట ప్రకాశవంతమైన గీత కనబడుతుంది. హైడ్రోజన్, ఇనుము, కాల్షియం, ఇలా ప్రతి మూలకానికి తన గీతలు తనకున్నాయి. ఒకదాని గీతలు మరొకదానికి రావు. మనిషి వేలిముద్రల వంటివన్నమాట.

సూర్యకాంతిని, మామూలు నక్షత్రాల కాంతిని ఇలాగే విడదీస్తే ఇంద్రధనుస్సు రంగుల మధ్య సన్నని నల్లని గీతలు కనబడతాయి. లోపలి నుండి వచ్చే వెలుగులో కొంత భాగాన్ని పైనున్న వాయువు మింగివేయటమే దీనికి కారణం. వాయువు తానే వెలుగుతుంటే నల్లని గీతకు బదులు ప్రకాశవంతమైన గీత వస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని ఉద్గార రేఖ అంటారు. అలాంటి గీతలున్న నక్షత్రాలు తక్కువ. అందుకే వాటికి వేరుగా పట్టిక వేయవలసి వచ్చింది.

గుంటూరు ఆకాశంలో

1868 ఆగస్టు 18న మన తీరం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగిపోయింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు దేశం నుండి జూల్స్ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరులో తన పరికరాలు అమర్చుకున్నాడు. సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున లేచిన ఎర్రని జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు కనబడ్డాయి. అవి ఎంత తేటగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తోచింది. మరునాడే చూసి నిరూపించాడు.

ఆ గీతల్లో పసుపు గీత సోడియందేనని మొదట అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే దాన్ని పరిశీలించాడు. అది సోడియం గీతకు దగ్గరగా ఉన్నదే గాని, దాని చోటు వేరని తేలింది. భూమి మీద అప్పటికి ఎవరూ ఎరుగని ఆ మూలకమే హీలియం. 1895లో విలియం రామ్సే దాన్ని భూమి మీద కూడా కనుగొన్నాడు. మన పొరుగు జిల్లాల ఆకాశంలో కనబడిన ఒక చిన్న గీత వెనుక ఇంత సంగతి దాగి ఉంది.

సారె మీద మట్టివలె

దీనికి రెండేండ్ల ముందు, 1866లో, రోమునగరంలో ఆంజెలో సెక్కి అనే కతోలిక గురువు ఉత్తరాకాశంలోని శర్మిష్ఠ రాశిలో నడిమి నక్షత్రాన్ని పరిశీలించాడు. నల్లగా ఉండవలసిన హైడ్రోజన్ గీత అందులో ప్రకాశవంతంగా మెరుస్తూ కనబడింది. ఈ జాతిలో మొట్టమొదట గుర్తించబడిన నక్షత్రాల్లో అది ఒకటి.

ఎందుకిలా? సూర్యుని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలు. ఈ నక్షత్రాల వేడి సాధారణంగా 10,000 నుండి 30,000 డిగ్రీల దాకా ఉంటుంది. పైగా ఇవి మహావేగంగా తిరుగుతాయి. సూర్యుని నడుము భాగం సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, వీటిలో ఎన్నో సెకనుకు 200 కిలోమీటర్లు దాటుతాయి. కుమ్మరి సారెను మరీ జోరుగా తిప్పితే తడిమట్టి అంచుల నుండి చిమ్మినట్లు, వీటి నడుము నుండి వాయువు బయటికి వచ్చి చుట్టూ పళ్లెంలాగా పరచుకుంటుంది. నక్షత్రపు తీక్షణమైన కాంతికి ఆ పళ్లెం వెలుగుతుంది. మనకు కనబడే ప్రకాశవంతమైన గీత ఆ పళ్లెందే.

ఆ పళ్లెం నిత్యం ఉండదు. కొన్నేండ్లకు చెదరిపోతుంది, మళ్లీ ఏర్పడుతుంది. కృత్తికల గుంపులో ప్లియోనీ అనే నక్షత్రంలో ఈ గీతలు 1888లో కనబడి, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏండ్లలో మాయమై, 1938లో తిరిగి కనబడ్డాయి. కాబట్టి ఒక్కసారి చూసి రాసేస్తే ఈ పట్టిక పూర్తికాదు. తరతరాలుగా ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి.

పనిమనిషి చేసిన పట్టిక

విలియమినా ఫ్లెమింగ్ 1857లో స్కాట్లండులో పుట్టింది. భర్తతో అమెరికా చేరిన కొద్దికాలానికే అతడు విడిచిపెట్టాడు. అప్పటికామె గర్భవతి. స్వదేశంలో పాఠాలు చెప్పిన ఆమె, పరాయిదేశంలో పొట్టకూటికి హార్వర్డు వేధశాల అధిపతి పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఆమె తెలివిని గమనించి ఆయన 1881లో వేధశాలలో స్థిరమైన ఉద్యోగమిచ్చాడు.

దూరదర్శినికి పట్టకం బిగించి గాజు పలకల మీద ఫొటోలు తీసేవారు. పలక మీద ఒక్కొక్క నక్షత్రం చిన్న చారలా పడుతుంది. ఫ్లెమింగ్ భూతద్దం పట్టుకొని ఆ చారలను ఒక్కొక్కటిగా చూసి తరగతులు రాసింది. 1890లో వెలువడిన పట్టికలో 10,000కు పైగా నక్షత్రాలున్నాయి. ప్రకాశవంతమైన గీతలున్న నక్షత్రాలను ఎన్నిటినో ఆమె ఏరి చూపించింది. ఆమె తరువాత అదే చోట, చెవులు సరిగా వినబడని ఆనీ కానన్ దాదాపు మూడున్నర లక్షల నక్షత్రాలకు తరగతులు నిర్ణయించింది.

కేవలం ఈ జాతి వేడి నక్షత్రాలకే ప్రత్యేకమైన పట్టికను 1933లో మౌంట్ విల్సన్ వేధశాల నుండి పాల్ మెరిల్, కోరా బర్వెల్ ప్రచురించారు. 1943లోను, 1949లోను అనుబంధాలు చేర్చారు. 1970లో వాకర్లింగ్ వేసిన పట్టికలో ఐదువేలకు పైగా ఉన్నాయి. ఆ పట్టికకు పెట్టిన పేరులోనే ఒక నియమం ఉంది. ఎప్పుడైనా ఒకసారి గీత చూపించిన నక్షత్రమైతే చాలు, దాని పేరు అందులో ఉంటుంది. గీత ఈనాడు కనబడటం లేదని దాన్ని కొట్టివేయరు.

మనవారి వంతు

ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలవాలని 1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు తీర్మానించి, ఆకాశాన్ని పొలం గట్లు వేసినట్లు పంచుకున్నారు. నవాబు జాఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాల ఈ పనిలో చేరింది. దక్షిణాకాశంలో 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగం, తరువాత ఉత్తరాన మరికొంత భాగం దాని వంతుకు వచ్చాయి. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్‌ల కాలంలో పలకల మీది చుక్కలను కొలిచి, లక్షలాది నక్షత్రాల స్థానాలను సంపుటాలుగా అచ్చువేశారు. ఆ కొలతలకు దశాబ్దాలు పట్టాయి. ఇటీవలి కాలంలో బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థవారు 207 నక్షత్ర గుచ్ఛాలను గాలించి, 42 గుచ్ఛాల్లో ప్రకాశవంతమైన గీతలున్న 157 నక్షత్రాలను గుర్తించి 2008లో ప్రకటించారు.

మన హైదరాబాదు వంతుకు వచ్చిన ఆ దక్షిణ భాగంలోనే వృశ్చిక రాశిలోని అనూరాధ నక్షత్రం ఉంది. తరతరాలుగా స్థిరమైనదని పేరుపడ్డ ఈ నక్షత్రం 2000లో ప్రకాశం పెరుగుతున్నదని అర్జెంటీనా దేశంలో సెబాస్టియన్ ఓటెరో గమనించాడు. ఆయన జీతానికి పనిచేసే ఖగోళ శాస్త్రజ్ఞుడు కాదు, ఆసక్తి కొద్దీ ఆకాశం చూసేవాడు. వర్ణపటం తీసి చూస్తే హైడ్రోజన్ గీత ప్రకాశవంతంగా ఉంది!

నక్షత్రాలకు భయపడవద్దు

ఇక్కడ మన ఇండ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. బాప్తిస్మము పొందిన కుటుంబాల్లో సైతం పిల్లకు సంబంధం కుదిరేటప్పుడు నక్షత్రం అడిగేవారు ఇంకా ఉన్నారు. మూల అని ఒకరు, ఆశ్లేష అని ఒకరు చక్కని ఆడపిల్లలను కాదనుకుంటున్నారు. ఆ పిల్ల కన్నీళ్లకు ఎవరు జవాబుదారి? అనూరాధ 2000లో మారింది. దాని పేరున పుట్టినవారి రాత దానివల్ల మారిందా? వాయువు, వేడి, వేగం కలిసిన ఆ దూరపు మంట మన బిడ్డల బ్రతుకును ఏలదు. యోబు గ్రంథము 38వ అధ్యాయంలో కృత్తికల ప్రస్తావన తెచ్చి దేవుడు అడిగిన ప్రశ్న గుర్తుచేసుకోండి. వాటిని ఏలేవాడు ఆయనే. సృష్టిని చూసి భయపడేవాడు మూఢుడవుతాడు, ఓపికగా పరిశీలించేవాడు సృష్టికర్త పనిని తెలుసుకుంటాడు.

మన గోదావరి జిల్లాల నుండి ఎందరో అక్కచెల్లెండ్రు కువైట్, దుబాయిలకు ఇంటిపనులకు వెళ్లి కష్టపడుతున్నారు. వారిని పనిమనిషే కదా అని తేలికగా మాట్లాడేవారు ఫ్లెమింగ్ కథను ఒకసారి తలచుకోవాలి. వారి పేర్లు సంఘపు పుస్తకంలో ఉన్నాయి. ఏండ్ల తరబడి ఆరాధనలో కనబడలేదని ఆ పేర్లను కొట్టివేయకండి. కాలం గడిచాక ప్లియోనీలో గీత తిరిగి వెలిగింది. ఒక నక్షత్రం కోసం మనుషులు అన్నేండ్లు కనిపెట్టుకొని ఉన్నప్పుడు, ఒక ఆత్మ కోసం సంఘం ఇంకెంత ఓపిక పట్టాలి!

డిసెంబరు నెల మొదట్లో రాత్రి 9 గంటల వేళ పిల్లలను డాబా మీదికో పొలంగట్టుకో తీసుకువెళ్లండి. రాజమహేంద్రవరం దీపాలకు దూరంగా లంకల్లో ఉన్నవారు మరీ ధన్యులు. ఉత్తరాన ఇంగ్లీషు ఎం అక్షరంలా శర్మిష్ఠ కనబడుతుంది. సెక్కి చూసింది దాని నడిమి నక్షత్రాన్నే. నడినెత్తికి దగ్గరగా, కొంచెం తూర్పున కృత్తికలు. ఆ గుంపులో కనీసం నాలుగు ఈ జాతివే. దక్షిణాన నేలకు కొంచెం ఎత్తులో ఒంటరిగా మెరిసేది అకెర్నార్. ఈ జాతి అంతటిలో మన కంటికి అన్నిటికంటె ప్రకాశవంతమైనది అదే. వాటి పేర్లు పిల్లలకు నేర్పండి. వాటిని లెక్కించిన స్త్రీల కథ ముఖ్యంగా ఆడపిల్లలకు చెప్పండి. ఆ తరువాత చిన్న ప్రార్థన చేసి, ఇంత ఆకాశాన్ని పేరు పేరున ఎరిగిన దేవుడు మన ఇంట్లో ప్రతివాని పేరు కూడా ఎరుగునని వారితో చెప్పండి.

ఆయనకే మహిమ కలుగును గాక.