కానిస్టేబుల్, ఎస్సై కొలువులు: దరఖాస్తు నింపే ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

పోలీసు ఉద్యోగం గురించి మాట్లాడదాం అనగానే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "ఏ పుస్తకాలు చదవాలి అన్నా, రోజుకి ఎన్ని గంటలు చదవాలి?" దాని గురించి చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఈ రోజు నేను అంతకంటే ముందు అడగాల్సిన రెండు ప్రశ్నల గురించి చెప్తాను. ఒకటి, నేను చేరబోయే పోస్టు ఏంటి, అందులో రోజూ చేసే పని ఏంటి? రెండు, ఆ ఉద్యోగం చేతికి వచ్చేదాకా నేను, నా ఇల్లు ఎన్నాళ్లు నిలబడగలం? ఈ రెండూ తేల్చుకోకుండా గ్రౌండ్‌లో దిగినవాళ్లు, సెలెక్ట్ అయ్యాక కూడా బాధపడటం మనం చూస్తున్నాం.

మొదట ఒక చిన్న విషయం. అమెరికాలో ఊరికో పోలీసు శాఖ, కౌంటీకో షెరీఫ్ ఉంటారని సినిమాల్లో చూస్తాం కదా. మన దగ్గర అలా ఉండదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో పోలీసు అనేది రాష్ట్ర జాబితాలో ఉంది. మున్సిపాలిటీకి, పంచాయతీకి సొంత పోలీసులు ఉండరు. మీ మండలంలో స్టేషన్ సెంట్రీ దగ్గర నుంచి కమిషనర్ ఆఫీసు దాకా అంతా రాష్ట్ర పోలీసు శాఖే. కాబట్టి "లోకల్" అనే మాట మన దగ్గర వేరే చోట వస్తుంది. అది మీరు ఏ జిల్లాకి స్థానికులు అన్న దగ్గర. దాని గురించి కాసేపట్లో చెప్తా.

లోపలికి వెళ్లే దారులు మూడు

ఇంటర్ పాసైతే కానిస్టేబుల్. డిగ్రీ ఉంటే ఎస్సై. ఈ రెండింటినీ రాష్ట్ర పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. మూడోది గ్రూప్-1 ద్వారా డీఎస్పీ. అది పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేతిలో ఉంటుంది. ఐపీఎస్ అనేది యూపీఎస్సీ, అది వేరే ప్రయాణం.

ఏ దారిలో వెళ్తే ఎంత దూరం పోతామో కూడా తెలియాలి. కానిస్టేబుల్‌గా చేరినవాళ్లు హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఆ తర్వాత ఎస్సై అవుతారు. కానీ ప్రమోషన్ ఖాళీలను బట్టి, సీనియారిటీని బట్టి వస్తుంది. మూడో మెట్టు దాటకుండానే రిటైర్ అయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎస్సైగా చేరితే ఇన్‌స్పెక్టర్, డీఎస్పీ దాకా దారి ఉంటుంది. జీతాల తేడా కూడా చూడండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ స్కేలు 24,280 నుంచి 72,850 రూపాయలు. ఎస్సైది 42,300 నుంచి 1,15,270. అందుకే డిగ్రీ ఉండి, వయసు కూడా ఉన్నవాళ్లు కానిస్టేబుల్‌కి, ఎస్సైకి రెండింటికీ దరఖాస్తు చేయడం మంచిది.

డ్రెస్సు ఒకటే, పని ఒకటి కాదు

ఇది అసలు విషయం. దరఖాస్తులో పోస్టుల ప్రాధాన్యం అడుగుతారు. చాలామంది నెట్ సెంటర్‌లో కూర్చుని రెండు నిమిషాల్లో టిక్కులు పెట్టేస్తారు. పక్కన లైన్‌లో పదిమంది ఉంటారు, ఆయన తొందరపెడుతుంటాడు. ఆ రెండు నిమిషాలు మీ ముప్పై ఏళ్లని నిర్ణయిస్తాయి.

సివిల్ కానిస్టేబుల్ అంటే పోలీస్ స్టేషన్‌లో ఉద్యోగం. ఫిర్యాదులు, బీట్, పెట్రోలింగ్, సమన్లు, వారెంట్లు, కోర్టు డ్యూటీ, రైటర్ పని. జనంతో రోజూ సంబంధం ఉంటుంది. చట్టం తెలియాలి, రాత పని తెలియాలి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. పాత సెక్షన్ నంబర్లు బట్టీ పట్టినవాళ్లంతా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. అంటే ఈ పోస్టులో చదువు రిటైరయ్యేదాకా ఆగదు.

ఏఆర్ అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్. జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో ఉంటారు. ఖైదీలను కోర్టుకి తీసుకెళ్లే ఎస్కార్ట్, గార్డు డ్యూటీ, ప్రముఖులకి గన్‌మన్, బందోబస్తు. కేసులు దర్యాప్తు చేసే పని ఉండదు. ఎక్కువగా జిల్లాలోనే ఉంటారు.

స్పెషల్ పోలీస్ అంటే బెటాలియన్. యూసుఫ్‌గూడ, డిచ్‌పల్లి, మామునూరు లాంటి చోట్ల ఉన్నవి ఇవే. కంపెనీలు కంపెనీలుగా రాష్ట్రంలో ఎక్కడికైనా, ఎన్నికలప్పుడు వేరే రాష్ట్రాలకి కూడా పంపుతారు. వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండాలి. 2024 అక్టోబర్‌లో తెలంగాణలో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలతో రోడ్డెక్కారు, గుర్తుందా? ఆ తర్వాత కానిస్టేబుళ్లు కూడా ఆందోళన చేశారు. వాళ్ల డిమాండ్ "ఏక్ పోలీస్", అంటే అందరికీ ఒకే పోలీసు విధానం ఉండాలని. కొంతమంది సస్పెండ్ అయ్యారు, కొంతమంది ఉద్యోగాలే పోయాయి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది ఇక్కడ చర్చ కాదు. బెటాలియన్ జీవితం ఎలా ఉంటుందో చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. పెళ్లయినవాళ్లు అయితే భార్యతో, భర్తతో కూడా మాట్లాడాలి. అంతే నేను చెప్పేది.

బెటాలియన్ తక్కువ అని కాదు. ఆటలు, కసరత్తు, ఆయుధాలు ఇష్టమైన వాళ్లకి అది సరైన చోటు. ఏపీలో ఏపీఎస్పీ కానిస్టేబుల్ ఎంపికలో ఈవెంట్స్‌కి కూడా మార్కులు కలుస్తాయి. సివిల్‌కి ఈవెంట్స్ అర్హత వరకే, ఎంపిక మాత్రం ఫైనల్ రాతపరీక్ష మార్కుల మీదే. కాబట్టి పరుగులో బాగా ముందుండి చదువులో మామూలుగా ఉన్నవాళ్లకి ఏపీఎస్పీలో ఎక్కువ అవకాశం ఉంటుంది. మీ బలం ఏంటో చూసుకుని టిక్కు పెట్టండి.

వీటితో పాటు ఎక్సైజ్, రవాణా శాఖల కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు. తెలంగాణలో 2022లో ఎక్సైజ్‌కి 614, రవాణాకి 63 పోస్టులు ఇదే మండలి ద్వారా భర్తీ చేశారు. స్టేషన్ ఒత్తిడి వద్దనుకునేవాళ్లు వీటిని కూడా చూడొచ్చు.

మీరు ఏ జిల్లాకి లోకల్?

తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, లోకల్ కేడర్‌లో నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత ఎలా చూస్తారు? ఇప్పుడు మీ ఆధార్‌లో ఏ అడ్రస్ ఉందన్నది కాదు. 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నది లెక్క. ఉదాహరణకి ఒకమ్మాయి 1 నుంచి 4 దాకా సొంత ఊళ్లో చదివింది. 5వ తరగతి నుంచి వేరే జిల్లా గురుకులంలో చేరింది. ఏడేళ్లలో నాలుగేళ్లు సొంత జిల్లాలోవే. కాబట్టి ఆమె సొంత జిల్లాకే లోకల్. ఏపీలో గత నియామకాలప్పుడు 1975 నాటి ఉత్తర్వు ప్రకారం 4 నుంచి 10వ తరగతి వరకు చూసేవారు. మీ నోటిఫికేషన్‌లో ఏం రాశారో ఆ పేరా తప్పకుండా చదవండి.

ఇక్కడ ఇబ్బంది ఏంటంటే, మూతపడిన ప్రైవేటు స్కూళ్లు. చదివిన స్కూలు ఇప్పుడు లేదనుకోండి, బోనఫైడ్ ఎవరిస్తారు? ఎంఈఓ ఆఫీసు చుట్టూ తిరగాలి, కొన్నిసార్లు ఎమ్మార్వో దగ్గర నివాస ధ్రువపత్రం కావాలి. ఇది సర్టిఫికెట్ వెరిఫికేషన్ పిలుపు వచ్చాక చేసే పని కాదు. ఇప్పుడే, చదువుతో పాటే పూర్తి చేసి ఫైల్లో పెట్టుకోండి.

ఈవెంట్స్: ముందు టేపు తీయండి

ఎత్తు మగవాళ్లకి 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 152.5. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులకి సడలింపు ఉంటుంది. ఇరవై దాటాక ఎత్తు మందులతో పెరగదు. పౌడర్లు అమ్మేవాళ్లకి డబ్బులు ఇవ్వకండి. కోచింగ్ ఫీజు కట్టే ముందే గోడకి ఆనుకుని, చెప్పుల్లేకుండా, ఇద్దరి చేత కొలిపించుకోండి.

తెలంగాణలో 2022 నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్‌జంప్ మగవాళ్లకి 4 మీటర్లు, ఆడవాళ్లకి 2.5 మీటర్లు. షాట్‌పుట్ కూడా ఉంది. ఏపీలో మగవాళ్లకి 1600 మీటర్లు 8 నిమిషాలు, 100 మీటర్లు 15 సెకన్లు, లాంగ్‌జంప్ 3.8 మీటర్లు. సివిల్‌కి పెద్ద పరుగు తప్పనిసరి, మిగతా రెండింట్లో ఒకటి అయినా చాలు.

ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాక పరుగు మొదలుపెడదాం అనుకుంటారు చాలామంది. అక్కడే మోకాళ్లు, పిక్కలు పట్టేస్తాయి. మొదటి నెల కొంత నడక, కొంత పరుగు. తారు రోడ్డు మీద కాకుండా మట్టి మీద. వారానికి ఒక రోజు విశ్రాంతి. రోజూ టైమ్ పెట్టుకుని పరిగెత్తొద్దు, పదిహేను రోజులకి ఒకసారి చూసుకుంటే చాలు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌కి చూపించుకున్నాకే దిగండి.

ఎన్నాళ్లు పడుతుంది?

ఈ లెక్క ఎవరూ చెప్పరు. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆగస్టులో ప్రిలిమ్స్, డిసెంబర్‌లో ఈవెంట్స్, 2023 ఏప్రిల్‌లో ఫైనల్ పరీక్ష. కానిస్టేబుళ్ల ఎంపిక జాబితా 2023 అక్టోబర్‌లో, శిక్షణ 2024 ఫిబ్రవరిలో. అంటే దాదాపు 22 నెలలు. ఏపీలో ఇంకా ఎక్కువ. 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబర్‌లో నోటిఫికేషన్, 2023 జనవరిలో ప్రిలిమ్స్. ఆ తర్వాత ఈవెంట్స్ 2024 డిసెంబర్ చివర్లో గానీ మొదలవ్వలేదు. ఫైనల్ పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో. ప్రిలిమ్స్‌కి, ఈవెంట్స్‌కి మధ్యే దాదాపు రెండేళ్లు.

ఆ రెండేళ్లు అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో రూమ్ అద్దె, మెస్ బిల్లు ఇంటి నుంచే రావాలి. నాన్న అప్పు చేసి పంపిస్తున్నాడని తెలిసి, ఆ బరువుతోనే చదువుతుంటారు పిల్లలు. అందుకే నేను చెప్పేది: నోటిఫికేషన్ నుంచి చేరే రోజుకి రెండు, మూడేళ్లు పడుతుందనే లెక్కతో మొదలుపెట్టండి. పగలు ఏదో ఒక పని, ఉదయం గ్రౌండ్, రాత్రి చదువు. లేదంటే డిగ్రీ, ఐటీఐ లాంటిది ఏదైనా పక్కన పూర్తి చేయండి. వయసు పరిమితి ఎప్పుడు దాటుతుందో తేదీతో సహా రాసుకోండి. ఆ తేదీ తర్వాత ఏం చేస్తారో కూడా ఇంట్లో చెప్పి పెట్టుకోండి. అది ఓడిపోవడం కాదు, లెక్క వేసుకోవడం.

కేసు ఉంటే దాచొద్దు

చివరగా ఒకటి. ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా అని అడుగుతారు. ధర్నాలో పెట్టిన కేసు, ఊరి గొడవలో పేరు రాసిన కేసు, కొట్టేసిన కేసు, ఏదైనా సరే రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీని మీద స్పష్టంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న కేసు అయితే యజమాని విచక్షణతో చూడొచ్చు. నిజం చెప్పినా, ఆ వ్యక్తి తగునా కాదా అని పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. కానీ దాచి పెడితే, ఆ దాచడమే మీకు అడ్డం వస్తుంది. స్పెషల్ బ్రాంచ్ వాళ్లు మీ ఊరికి వచ్చి విచారిస్తారు. చిన్న కేసు చెప్పుకుని నెగ్గే అవకాశం ఉంది, అబద్ధం చెప్పి దొరికితే ఆ అవకాశం చాలా తక్కువ. కేసు పత్రాలు, కోర్టు కొట్టేసిన ఉత్తర్వు కాపీ ముందే తెచ్చిపెట్టుకోండి.

కాబట్టి ఈ వారం మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎత్తు కొలుచుకోండి. 1 నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట పెట్టండి. మీ మండలంలో ఒక సివిల్ కానిస్టేబుల్‌ని, ఒక బెటాలియన్ కానిస్టేబుల్‌ని కలిసి, పోయిన నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకున్నారని అడగండి. ఆ జవాబు విన్నాక కూడా ఈ ఉద్యోగమే కావాలనిపిస్తే, అప్పుడు పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. మళ్లీ కలుద్దాం, ఉంటాను.